ప్రార్థన చేసిన బండి

అజ్మాన్‌లో ఖాజా పాతబండ్ల యార్డుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇసుకలో వరసగా నిలబెట్టిన బండ్లన్నీ కాగిపోయి ఉన్నాయి. జకరయ్య కన్ను మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కదాని మీదే ఉంది. మీగడ రంగు జపాన్ బండి, నాలుగు తలుపులది. కడిగి, తుడిచి, టైర్లకు నల్లరంగు పూసి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు ముందు వరసలో పెట్టారు దాన్ని.

జకరయ్యది ఏలూరు దగ్గర పల్లె. రువైస్‌లో కంపెనీ స్టోర్సులో గుమాస్తా. భార్య సంతోషకుమారి అబుదాబిలో ఆసుపత్రి నర్సు. ఇద్దరి మధ్యా రెండు వందల యాభై కిలోమీటర్ల ఎడారి రోడ్డు. గురువారం సాయంత్రం కంపెనీ బస్సెక్కి ఆమె దగ్గరకు వెళ్ళడం, శుక్రవారం గడిపి తిరిగి రావడం, అదే వాళ్ళ కాపురం. పోయినేడు ఆమెకు నెలలు నిండకుండానే నొప్పులొస్తే, ఆ కబురు క్యాంపు ఆఫీసుకు ఫోనులో వచ్చింది. బస్సు లేదు. ముదీర్, అంటే మేనేజరు, బండి ఇవ్వనన్నాడు. ఇటుకల లారీవాణ్ణి బతిమాలి వెళ్ళేసరికి బిడ్డ ఖలాస్. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది, మొహం ఇటు తిప్పలేదు. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. ఈసారి ఎవడి కాళ్ళూ పట్టుకునేది లేదు, తనకంటూ ఒక బండి ఉండి తీరాలి అని ఒట్టు పెట్టుకున్నాడు.

తోడుగా హన్మంతును తెచ్చుకున్నాడు. హన్మంతుది నిజామాబాద్ వైపు. అదే కంపెనీలో డ్రైవరు. ఎవరేం కొన్నా పక్కన నిలబడి పెదవి విరవడం అతనికి ఇష్టమైన పని.

"తనిఖీ కాయితాలు చూపెట్టు భాయ్," అన్నాడు హన్మంతు.

ఆ దేశంలో ప్రతి ఏడూ బండిని పోలీసువాళ్ళ తనిఖీకి తీసుకెళ్ళాలి. బ్రేకులు, దీపాలు, చాసిస్ నెంబరు చూసి వాళ్ళు పాసంటేనే ముల్కియా, అంటే బండి పత్రం, కొత్తదవుతుంది. ఖాజా నవ్వుతూ ప్లాస్టిక్ సంచిలోంచి కాగితాలు తీశాడు. అతనిది హైదరాబాదు. నోట్లో ఎప్పుడూ ఏలక్కాయ నములుతుంటాడు.

"చూస్కో. మూడేండ్ల నుంచి పాస్. ఒక్కసారి ఫెయిల్ లేదు. ఎనిమిది నెలల కింద చివరి తనిఖీ. కుల్లూ తమామ్, అంతా బరాబర్!"

డిక్కీ నేల మీద చెక్కిన నెంబరునూ కాగితాల్లోని నెంబరునూ హన్మంతు ఒక్కో అంకె చదివి పోల్చాడు. సరిపోయింది. అయినా పెదవి విరిచాడు.

"అన్నా, ఇంత పాత బండి ఒక్కపారన్న ఫెయిల్ కాలేదంటే నాకు మంచిగనిపిస్తలేదు. గుడ్డి కంటే మెల్ల నయమని నువ్వంటే కొను గని, నేనైతే ఇంకో బండి జూస్త."

"పాసైతే అనుమానం, ఫెయిలైతే అనుమానం. నీకు బండి కాదు హన్మంతూ, ఒంటె కొనిపెట్టాలి," అన్నాడు జకరయ్య.

స్టీరింగు ముందు కూర్చుని యార్డు చుట్టూ ఒకసారి నడిపాడు. ఇంజను చక్కగా పలికింది. బ్రేకు పట్టింది. దిగేసరికి హన్మంతు నేల మీదకు వంగి చూస్తున్నాడు.

"జర ఇటు జూడు. సక్కగనే నడిపినవ్ గద? ముందటి టైర్లు పోయిన తొవ్వలనే ఎనుకటి టైర్లు పోవాలె. ఈడ రెండు గీతలుండాలె. నాలుగున్నయ్."

నిజమే. ఇసుక మీద నాలుగు గీతలు, జంటలు జంటలుగా. వెనక చక్రాలు ముందు చక్రాల దారిని వదిలేసి అరచెయ్యి వెడల్పు పక్కగా నడిచాయి.

"అరె, ఒక టైర్లో గాలి తక్కువుంది, అంతే," అన్నాడు ఖాజా. "కాగితం అబద్ధం చెప్తదా భాయ్? పోలీసు ముద్ర ఉంది కదా."

ఆ మాట నమ్మాలో వద్దో తేలక జకరయ్య మళ్ళీ బండిలో కూర్చుని, ఊరికే, చేతికి పని కోసం, డ్యాష్‌బోర్డు అర తెరిచాడు. మూత లోపలివైపు ఎర్రటి అక్షరాలు కనిపించాయి. తెలుగు అక్షరాలు. ఇమ్మానుయేలు.

దేవుడు మనకు తోడు అని ఆ మాటకు అర్థం. వాళ్ళ ఊళ్ళో ఇంటి గడప మీద, ఎడ్లబండి కాడి మీద, సైకిలు మడ్‌గార్డు మీద అదే రాసుకుంటారు. కొత్త వాహనం కొంటే పాస్టరుగారు వచ్చి చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత ఆ పేరు రాస్తారు. జకరయ్య తండ్రి గుడిలో సువార్తికుడు. ఆయన ఏ ప్రార్థన చేసినా ఇమ్మానుయేలు దేవా అనే మొదలుపెట్టేవాడు. కొడుక్కీ అదే అలవాటు. ఊరుకాని ఊళ్ళో, ఇసుకలో, ఖాజా అనే మనిషి యార్డులో ఆ పేరు తనకోసం కాచుకుని ఉందనుకున్నాడు జకరయ్య. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది మనవాళ్ళ బండి హన్మంతూ. ప్రార్థన చేసిన బండి."

"మనోళ్ళదైతే ఎవలదో అర్సుకోరాదె?" అన్నాడు హన్మంతు. కానీ జకరయ్య అప్పటికే ఖాజా చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని పెద్దలు ఊరికే అనలేదు. వారం రోజులు నడిపి చూసుకోమన్నాడు ఖాజా. నచ్చితే పేరు మార్చుకోవచ్చు, నచ్చకపోతే ఇచ్చిన బయానా తిరిగి ఇస్తానన్నాడు. ఇంత మంచిమనిషి అజ్మాన్‌లో ఉన్నాడా అనుకున్నాడు జకరయ్య.

మర్నాడు శుక్రవారం. గల్ఫులో క్రైస్తవులకు ఆదివారం శుక్రవారమే వస్తుంది. బర్ దుబాయ్‌లో ఒక బట్టల దుకాణం పైన విజయరత్నం గారి ఇంట్లో తెలుగువాళ్ళ ప్రార్థన జరిగేది. విజయరత్నం ఆ దుకాణంలోనే లెక్కలు చూసే పెద్దమనిషి. మంచాలు నిలబెట్టి, చాపలు పరిచి, ముప్ఫై మందిదాకా ఇరుక్కుని కూర్చున్నారు. జకరయ్య బండిని సందులో ఆపి, హన్మంతును కింద చాయ్ దుకాణంలో కూర్చోబెట్టి పైకెళ్ళాడు.

పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పమన్నారు. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకోవడం రివాజు. జకరయ్య ముందుగా లేచాడు. పోయినేడు పోయిన బిడ్డ సంగతి, రాబోయే బిడ్డ సంగతి చెప్పాడు. మీగడ రంగు బండి సంగతి, దాని అరలో ఎర్రటి అక్షరాలతో ఉన్న పేరు సంగతీ చెప్పాడు.

"నేను వెతుక్కుంటూ వెళ్తే, నాకంటే ముందే వచ్చి ఆయన అందులో కూర్చుని ఉన్నాడండీ," అన్నాడు.

స్తోత్రం అన్న మాట రావాలి అక్కడ. రాలేదు. ముందు వరసలో విజయరత్నం తలవంచుకున్నాడు. ఆడవాళ్ళంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు. వెనక గోడకు ఆనుకుని తెల్లచీరలో ఒకామె కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఆమె పేరు మరియకుమారి అని, దుబాయ్ ఆసుపత్రిలో నర్సని, ఆరు నెలల కిందట భర్త పోయాడని జకరయ్యకు తర్వాత తెలిసింది. ఆమె మెల్లగా లేచి నిలబడింది.

"ఆ అక్షరాల్లో చివరి 'లు' కిందికి జారిపోయి ఉందా తమ్ముడూ?"

ఉంది. 'లు' తోక కిందికి కారి ఉంది.

"బండి చూపించు," అందామె.

సందులో బండి దగ్గర ఆమె అర తెరిచి ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. ఏడవలేదు. అందుకే భయం వేసింది జకరయ్యకు.

"నా పెళ్ళికి కొనుక్కున్న గోళ్ళరంగు ఇది. నర్సుకి గోళ్ళరంగెందుకే అని నవ్వి, సీసా లాక్కుని మా ఆయన రాశాడు. రాస్తుంటే నేను మోచెయ్యి తట్టాను. అందుకే 'లు' జారింది." ఆమె వెనక సీటు వైపు చూసింది. "ఆ రోజు రాత్రి డ్యూటీ చేసి, వెనక సీట్లో పడుకున్నాడు. స్నేహితుడు నడుపుతున్నాడు. నీళ్ళ ట్యాంకరు వెనకనుంచి గుద్దింది. స్నేహితుడికి చిన్న గాయం కూడా కాలేదు."

"ప్రమాదం తర్వాత బాగు చేయించి ఉంటారక్కా," అన్నాడు జకరయ్య, తనకు తానే ధైర్యం చెప్పుకుంటూ.

"ఏం బాగు చేస్తారు తమ్ముడూ? వెనక సగం మిగల్లేదు. నేను కళ్ళారా చూశాను. రేకులు చుట్టుకుపోయి, ముందు సీట్లను ఆనుకుని ఉన్నాయి." ఆమె బండి చుట్టూ నడిచి డిక్కీ దగ్గర ఆగింది. చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. "ఈ వెనక సగం ఎవరిది?"

హన్మంతు చాయ్ గ్లాసు కింద పెట్టేసి వచ్చి, ముందు సీట్ల వెనక పరిచిన పట్టాను లాగాడు. బంక వేసి అతికించారు, పర్రుమంటూ లేచింది. కింద, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా, నేల రేకుకు అడ్డంగా వెల్డింగు గీత. దాని మీద లప్పం పూసి రంగు వేశారు. గోటితో గీకితే లప్పం పెచ్చు ఊడింది. ఆ సందులోంచి కింద రోడ్డు కనిపించింది.

రెండు చచ్చిన బండ్లను మధ్యకు కోసి, ఒకదాని ముందు సగాన్నీ ఇంకోదాని వెనక సగాన్నీ అతికించారు. తనిఖీ కాగితాలు దొంగవి కావు. నెంబరు వెనక సగంలో ఉంది, కాగితాలు ఆ వెనక సగానివి. అది ఒక నిండు బండిగా బతికి ఉన్నప్పుడు పాసయిన సంగతి అవి నిజంగానే చెబుతున్నాయి. అతుకు పడింది ఆ తర్వాత. పైన పటారం, లోన లొటారం. ఇసుక మీద నాలుగు గీతలు ఎందుకు పడ్డాయో జకరయ్యకు ఇప్పుడర్థమైంది. నిన్న సాయంత్రం అజ్మాన్ నుంచి దీన్ని ఎంత వేగంగా తోలాడో గుర్తొచ్చింది. సంతోషకుమారిని ఆ వెనక సీట్లోనే పడుకోబెట్టి తీసుకెళ్ళాలనుకున్నాడు. నొప్పులతో ఉన్న మనిషి ముందు సీట్లో కూర్చోలేదు కదా.

"పోలీసులకు చెప్తే?" అన్నాడు నీరసంగా.

"చెప్తే ఈ బండి నీ దగ్గరెందుకున్నదని నిన్నే అడుగుతరు. మనకు వీసాలిచ్చిన కఫీల్ దాక పోతది. మన వీసాలకే ఎసరు," అన్నాడు హన్మంతు. "ఆని బండి ఆనికిచ్చి మన పైసలు మనం తెచ్చుకుందాం. యల్లా, నడువు."

మరియకుమారి జకరయ్య చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"ఇచ్చెయ్యి తమ్ముడూ. కానీ ఇచ్చేముందు ఆ పేరు చెరిపెయ్యి. ఒక్క అక్షరం మిగలకుండా గీకెయ్యి. ఆ పేరు చూసి నువ్వు నమ్మావు. రేపు మనవాళ్ళే ఇంకొకరు నమ్ముతారు. నేనే గీకేద్దును, అది ఆయన చేతిరాత, నా వల్ల కావట్లేదు."

"చెరిపేస్తానక్కా," అన్నాడు జకరయ్య.

సాయంత్రం అజ్మాన్ యార్డు బయట బండి ఆపి, హన్మంతు లోపలికి వెళ్ళి ఖాజాను పిలుచుకొచ్చేలోగా, జకరయ్య అర తెరిచి తాళంచెవి పట్టుకున్నాడు. దాని మొనను మొదటి అక్షరం మీద పెట్టాడు. చిన్నప్పుడు బైబిల్లోంచి చిరిగిన కాగితం కాలికి తగిలిందని తండ్రి ఆ రోజంతా అన్నం పెట్టనివ్వలేదు. చిరిగిన పేజీలను కూడా కాల్చకూడదని, పూలమొక్క కింద గుంట తీసి పాతిపెట్టేవాడు. అలాంటివాడి కొడుకు ఇనుప తాళంచెవితో దేవుడి పేరు గీకాలి. కడుపుతో ఉన్న భార్య గుర్తొచ్చింది. ఆ పేరు మీద గీత పడితే ఆ గీత ఎవరి మీద పడుతుందో! పోయిన బిడ్డ చాలదా? మూత మెల్లగా, చప్పుడు కాకుండా మూసేశాడు.

ఖాజా ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. బయానా చేతిలో పెట్టి, ఏలక్కాయ నములుతూ, "నో ప్రాబ్లమ్ భాయ్. నీ నసీబ్‌లో లేదు. ఎవరి నసీబ్‌లో ఉందో వాళ్ళొస్తారు," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు హన్మంతు అడిగాడు, పేరు చెరిపినవా అని. చెరిపానన్నాడు జకరయ్య. ఆ తర్వాత గురువారం సంతోషకుమారికి కథంతా చెప్పినప్పుడు ఆమె కూడా అదే అడిగింది. ఆమెకూ అదే చెప్పాడు. రెండోసారి అబద్ధం మొదటిదానికంటే సులువుగా వచ్చింది.

నెల తిరగకముందే ఒక గురువారం, రువైస్ నుంచి బయల్దేరిన కంపెనీ బస్సు సగం దారిలో ఆగిపోయింది. ముందు పోలీసు బండ్లు, నిలిచిపోయిన లారీలు. బస్సులో నిద్రపోతున్నవాళ్ళు లేచి కిటికీల్లోంచి తొంగిచూశారు. చాలాసేపటికి పోలీసు చెయ్యి ఊపాడు. బస్సు నెమ్మదిగా కదిలింది. రోడ్డు పక్క ఇసుకలో మీగడ రంగు బండి వెనక సగం ఒక్కటే, తన రెండు చక్రాల మీద తాను, ఎవరో తీసుకొచ్చి నిలబెట్టినట్టు నిటారుగా ఉంది. దానికి ముందు సగం లేదు. అది ఎక్కడో దూరంగా, రోడ్డుకు అవతల పడి ఉంది. బస్సులో ఎవరో యా అల్లా అన్నారు. మీగడ రంగు బండ్లు ఈ దేశంలో వేలున్నాయి అని అబుదాబి వచ్చేదాకా మనసులో అనుకుంటూనే ఉన్నాడు.

సంతోషకుమారి ఇంట్లో లేదు. డ్యూటీలోనే ఉంచేశారని పక్క గది నర్సు చెప్పింది. ఆసుపత్రికి వెళ్ళాడు. వార్డు తలుపు దగ్గర ఆమె ఎదురొచ్చింది. ఎనిమిదో నెల కడుపుతో, తెల్ల యూనిఫారంలో, మొహంలో నెత్తురు లేకుండా ఉంది. అతని మొహం చూసి ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది ఆమెకు.

"చెరిపానన్నావు," అంది.

జకరయ్య గోడకు ఆనుకున్నాడు.

"లోపల ఉన్నాడు. మన గోదావరి జిల్లావాడే, పాతికేళ్ళుండవు. కాలు విరిగింది, బతుకుతాడు." ఆమె వార్డు లోపలికి చూసింది. "తెలుగు విశ్వాసులెవరైనా ఉంటే వచ్చి ప్రార్థన చెయ్యమని వచ్చినప్పటి నుంచి అడుగుతున్నాడు. వెళ్ళు."

"నా వల్ల కాదు సంతోషం. ఇంకెవరినైనా పిలువు."

"ఇంకెవరున్నారు? నువ్వే వెళ్ళాలి."

వెళ్ళాడు. కాలు పైకి కట్టి ఉన్న కుర్రవాడు తల తిప్పి చూశాడు. తెలుగు మొహం చూడగానే వాడి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. జకరయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"వందనాలు బ్రదర్. బండి రెండుగా ఎలా విరిగిందో తెలియట్లేదు బ్రదర్. మంచి బండి. ప్రార్థన చేసిన బండి. అరలో దేవుడి పేరు చూసి కొన్నాను, తనిఖీ కాగితాలు ఇవ్వబోతే అక్కర్లేదన్నాను." వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "మా ఆవిడ మొన్ననే ఊరునుంచి వచ్చింది బ్రదర్. ముందు ఎండ కొడుతోందని వెనక కూర్చోమన్నాను. ఆమె ఏ వార్డులో ఉందో సిస్టరు చెప్పట్లేదు. ప్రార్థన అయ్యాక మీరైనా కనుక్కుని చెప్తారా?"

జకరయ్య వెనక్కి తిరిగి చూశాడు. తలుపు దగ్గర సంతోషకుమారి కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. లేదన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలించాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఏ ప్రార్థనకైనా మొదట వచ్చే మాట ఆ రోజు గొంతు దాటి రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు. మంచం మీది కుర్రవాడు కాసేపు చూసి, పెద్దాయన మాట మర్చిపోయాడనుకుని, తనే మెల్లగా అందించాడు.

"ఇమ్మానుయేలు దేవా, అనండి బ్రదర్."